మిగిలిన రెండు పిలుపులు

సగం నీళ్లున్న సీసాలో స్ట్రా ముంచి ఆయన "ఊ..." అంటున్నాడు. నీళ్లు గుడగుడమంటున్నాయి, గొంతు మాత్రం మధ్యమధ్యలో తెగిపోతోంది. గొంతు క్యాన్సరుకు రేడియేషన్ పూర్తయి నాలుగు నెలలు. మెడ మీద చర్మం ఇంకా నల్లగానే ఉంది. మాట తిరిగి రావాలంటే పూటకు పది నిమిషాలు ఇలా చేయమన్నారు ఆసుపత్రిలో. కోడలి అడుగుల చప్పుడు వినగానే సీసా సంచిలో దాచేశాడు.

"మన కోడలేగా, ఏం సిగ్గండీ మీకు?" అంది భార్య.

ఆయన కోర్టు బంట్రోతు. కేసు రాగానే వరండాలోకి వచ్చి కక్షిదారు పేరు మూడుసార్లు కేకవేయాలి. అప్పటికీ రాకపోతే కేసు కొట్టేస్తారు. ఇరవై ఆరేళ్లు ఆ కేక గేటు బయట టీ బండి దాకా వినబడేది. అందుకే ఆయనకు 'మైకు' అని పేరు పడింది. ఇప్పుడూ అలాగే పిలుస్తున్నారు. మానమని ఏ నోటితో చెప్తాడు?

"మైకు బాబాయ్, ఇంకో నెల రికార్డు గదిలో కూర్చోరాదూ? పిలవడానికి ఇంకొకర్ని పెడతాలే" అన్నాడు ఆ ఉదయం కోర్టులో గుమాస్తా.

"వచ్చేసిందిలే గొంతు" అన్నాడాయన. ఆ కాస్త మాటకే రెండుసార్లు గుటక వేయాల్సి వచ్చింది.

పదకొండింటికి ఒకామె కేసు వచ్చింది. విడిపోయిన భర్త దగ్గరున్న కూతుర్ని వారానికోసారైనా చూడనివ్వమని అర్జీ. ప్లీడరు లేడు, తన గోడు తనే చెప్పుకోవాలి. ఆయన భుజం మీది ఎర్ర పట్టీ సర్దుకుని వరండాలోకొచ్చి పేరు పిలిచాడు. బొంగురుగా మొదలైన కేక చివర్లో కీచుమంది. గోడవారగా ఉన్న కుర్ర ప్లీడర్లిద్దరు కిసుక్కున నవ్వారు. దేనికి నవ్వారో వాళ్లకే తెలియాలి, ఈయనకు మాత్రం తల కొట్టేసినట్టయింది. రెండోసారీ మూడోసారీ పెదాలు మాత్రం కదిపాడు. లోపలికెళ్లి, "పిలిచానండీ, రాలేదండీ" అని గొణిగాడు. జడ్జి కేసు కొట్టేశారు.

కాసేపటికి నీళ్లు తాగుదామని వరండా చివరికెళ్తే, బెంచీ మీద ఒకామె కాగితాలు ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది.

"నన్నెప్పుడు పిలుస్తారన్నా?" అంటూ కాగితం చూపించింది. ఆ కేసే. "ఎనిమిదింటి నుంచీ ఇక్కడే ఉన్నా. ఎక్కడ వినబడదోనని మంచినీళ్లకైనా లేవలేదు."

ఛీ, ఇదీ ఒక బతుకేనా! నీళ్ల గ్లాసు అక్కడే వదిలేశాడు. ఆమెను తలుపు దాకా వెంట రమ్మని సైగ చేసి, తిన్నగా హాల్లోకి వెళ్లాడు. వేరే కేసులో వాదన నడుస్తోంది.

"అయ్యా, నేను మూడుసార్లు పిలవలేదండీ. ఒక్కసారే పిలిచాను. నా గొంతు విని నవ్వుతారని సిగ్గుపడ్డానండీ. ఆమె బయటే ఉందండీ."

ఈసారి ఎవరూ నవ్వలేదు. అది మరీ సిగ్గుగా ఉంది.

జడ్జి ఫైలు వెనక్కి తెప్పించుకున్నారు. "పిలవండి" అన్నారు.

వరండాలోకొచ్చి పేరు పిలిచాడు. ఆమె తలుపు పక్కనే ఉంది, వచ్చి ఎదురుగా నిలబడింది. అయినా ఆయన రెండోసారి పిలిచాడు.

"ఉన్నాను కదన్నా" అందామె.

కుర్ర ప్లీడర్లు చూస్తూనే ఉన్నారు. గొంతు పగిలి, కీచుమంది. ఆయన మూడోసారి కూడా పిలిచాడు.

ఆమె లోపలికెళ్లాక, పట్టీ విప్పి, సంచి తీసుకుని రికార్డు గది వైపు నడిచాడు. కోర్టు హాలు తలుపు పక్క మేకుకు ఎర్ర పట్టీ వేలాడుతోంది, భుజానికి ఆనే చోట ఇన్నేళ్ల చెమటకు రంగు వెలిసిపోయి.