పడుగు ఆరేలోగా

వారమంతా పట్టిన ముసురు ఆ పొద్దున విడిచింది. ఆకాశంలో మబ్బు తునక లేదు. మంగళగిరి నేతవీధిలో అందరూ పడుగులు బయటికి తీశారు. అంకమ్మరావూ తీశాడు. వీధి పొడుగునా నూలు సాగదీసి కర్రలకి ఆనించి, గంజి పట్టించాడు.

ఆ రోజే ఆయన కొడుకు హరిబాబుకి ఏడో తరగతి పబ్లిక్ పరీక్ష, లెక్కలు. తప్పితే చదువు మాని మగ్గం గుంటలోకి దిగాల్సిందేనని తండ్రి ముందే చెప్పాడు. మాట మార్చే మనిషి కాదు.

హరిబాబు తండ్రికి సాయం పట్టి, స్నానం చేసి బయల్దేరాడు. ఎంత రుద్దుకున్నా పులిసిన గంజి వాసన పోలేదు. బళ్ళో ఆ వాసనకే బాలశౌరి ముక్కు మూసుకునేవాడు. మిగతావాళ్ళు బెంచీ ఖాళీ చేసేవాళ్ళు. పరుపులు కుట్టే బడే మియా కొడుకు ముస్తాక్ ఒక్కడే పక్కన కూర్చునేవాడు.

వీధిలో పడుగుంటే సైకిలు దిగి గోడవారగా నడిపించుకుపోవాలి. అది అక్కడ చిన్నపిల్లలకీ తెలుసు. అప్పుడే అటుగా వచ్చిన బాలశౌరి దిగలేదు.

"ఏరా గంజికుండా, లెక్కలక్కూడా గంజి పెట్టావా?" అంటూ వెనక్కి చూస్తూ తొక్కాడు.

హ్యాండిలు పడుగులోకి దూసుకుపోయింది. పోగులు పటపటా తెగాయి. బాలశౌరి నవ్వు ఆగిపోయింది. సైకిలు లాక్కుని వెళ్ళిపోయాడు.

తడి ఆరేలోగా తెగిన పోగులు అతకాలి. ఆరితే పక్కవాటికి అంటుకుని పడుగంతా పాడవుతుంది. ఎండ అప్పుడే చురుక్కుమంటోంది. వీధిలో ఎవరి తడి పడుగు వాళ్ళు చూసుకుంటున్నారు. అంకమ్మరావు కొసల కోసం తడుముకున్నాడు. ఆయన కంటికి సన్న పోగు ఆనడం మానేసి ఏడాదైంది. హరిబాబు తల్లి రావమ్మ అతకడం మొదలుపెట్టి, కొడుకుని వెళ్ళమంది. తండ్రి ఇంకా కొసలు తడుముతూనే ఉన్నాడు. హరిబాబు పరీక్ష అట్ట అరుగు మీద పెట్టి, పడుగు పక్కన కూర్చున్నాడు.

పిలవడానికొచ్చిన ముస్తాక్ తనూ అతుకుతానన్నాడు. అతని చేతిలో ఇంకో పోగు తెగింది.

"నీకు రాదురా. బెల్లు కొడతారు, పో."

"నువ్వు?"

"అవగానే వస్తా."

రాలేడని ఇద్దరికీ తెలుసు.

హాల్లో ముస్తాక్ ముందు చోటు ఖాళీగా ఉంది. బాలశౌరి ఒకసారి అటు చూసి తల దించుకున్నాడు. ముస్తాక్‌కి వచ్చిన లెక్కలు కూడా కదల్లేదు.

పరీక్ష అవగానే తిన్నగా నేతవీధికి వచ్చాడు. పడుగు దక్కింది. చుట్టి లోపల పెట్టేశారు. హరిబాబు అరుగు మీద కూర్చుని ఉన్నాడు. ప్రశ్నలు ఎలా వచ్చాయని అడగలేదు. ముస్తాక్ ప్రశ్నపత్రం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"వచ్చే ఏడు మళ్ళీ రాయొచ్చు బాబాయ్," అన్నాడు ముస్తాక్, అంకమ్మరావుతో.

ఆయన తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. చాలాసేపు తుడుచుకున్నాడు.

"రేపు పొద్దున మగ్గం చూపిస్తాలేరా," అన్నాడు కొడుకుతో.

హరిబాబు తలూపాడు.

రావమ్మ కంచాలు పెట్టింది. వేడన్నం, దోసకాయ పప్పు. కొడుకు కంచంలో నెయ్యి కాస్త ఎక్కువే వేసింది. ముస్తాక్ హరిబాబు పక్కనే కూర్చున్నాడు.