గుండె బాగానే ఉంది

ఉల్లిపాయల ఘాటు. తడిసిన గోనెసంచుల వాసన. టాటానగర్‌లోని జుగ్సలాయి బజారు మీద మిట్టమధ్యాహ్నపు ఎండ.

అక్కడే వచ్చింది మొదటిసారి.

సింహాచలమ్మకు ఉన్నట్టుండి ఊపిరి అందలేదు. గుండె — గూడ్సుబండి వంతెన మీద పోతున్నట్టు — దడదడలాడింది. వేళ్ళు తిమ్మిరెక్కాయి. మనుషుల మాటలు ఎక్కడో నీళ్ళ అడుగు నుంచి వినిపించాయి.

చచ్చిపోతున్నాననుకుంది.

చచ్చిపోలేదు. పావుగంటలో తగ్గిపోయింది.

మళ్ళీ వస్తుందేమోనన్న భయం మాత్రం తగ్గలేదు.

డాక్టరు ఈసీజీ తీయించి చూశాడు. గుండె బాగానే ఉందన్నాడు. ఇది భయం జబ్బు, చాలామందికి వస్తుంది, ప్రాణం తీయదు, తప్పించుకు తిరిగేకొద్దీ పెరుగుతుంది అన్నాడు హిందీలో. టాటానగర్ రైల్వే యార్డులో పనిచేసే భర్త వెంకటరావు అదంతా ఆమెకు తెలుగులో చెప్పాడు. ఆమె తలూపింది.

తలూపింది గానీ — బజారు మానేసింది.

తర్వాత గుడి.

తర్వాత క్వార్టర్ల చివర కుళాయి. నీళ్ళు వెంకటరావే మోసేవాడు.

ఆరు నెలలకి ఆమె లోకం రెండు గదులంత అయింది. గడప దగ్గరకొస్తే చాలు, అరచేతులు చెమర్చేవి.

డెబ్బై తొమ్మిది వేసవి. పట్టపగలు. మగవాళ్ళంతా డ్యూటీలో ఉన్నారు. గోడ అవతల మూలుగు... గోడ మీద చేత్తో కొడుతున్న చప్పుడు.

పక్కింటి జయకుమారి. నెలలు నిండిన మనిషి.

"అక్కా... నొప్పులొచ్చేత్తన్నాయి. ఇంట్లో ఎవులూ నేరు."

రిక్షాలు పెద్దరోడ్డు మీద ఉంటాయి. రెండు వందల అడుగులు.

సింహాచలమ్మ గడప మీద నిలబడింది. వచ్చేసింది — అది. కాళ్ళు చల్లబడ్డాయి. పడిపోతాను. ఇప్పుడే పడిపోతాను.

మళ్ళీ గోడ మీద చప్పుడు. ఈసారి నీరసంగా.

వెళ్ళింది. చెప్పులు లేకుండా, గోడలు పట్టుకుని, కాలుతున్న తారు మీద. రిక్షా అతనికి చెప్పబోతే నోట మాట రాలేదు. ఇంటి వైపు వేలు చూపించింది.

జయకుమారిని ఎక్కించి వెనక్కి తిరగబోతే, ఆమె చీరచెంగు పట్టుకుంది.

"నన్నొగ్గీకక్కా."

"ఒగ్గను," అంది సింహాచలమ్మ. రిక్షా ఎక్కింది. "నాకూ బయమేత్తంది. నా సెయ్యి గట్టిగా పట్టుకో."

ఆ మాట ఆమె పైకి అనడం అదే మొదలు.

రిక్షా కదిలింది. రెండు చేతులు. వణుకుతున్నది ఏదో తెలియలేదు.

సాయంత్రానికి ఆసుపత్రిలో ఆడపిల్ల పుట్టింది. జయకుమారి భర్త తోమాస్ డ్యూటీ దిగి పరుగున వచ్చాడు. కళ్ళనీళ్ళతో సింహాచలమ్మకు దండం పెట్టాడు. పొద్దున్నుంచీ ఏమీ తిని ఉండరు, ఇక ఇంటికెళ్ళమన్నాడు.

ఇంటికి.

ఆమె గేటు దగ్గర ఆగిపోయింది. ఎదురుగా రోడ్డు. సైకిళ్ళు, ట్రక్కులు, షిఫ్టు వదిలిన జనం — జనం — జనం. ఇప్పుడు పట్టుకోవడానికి ఎవరి చెయ్యీ లేదు.

గుండె మొదలెట్టింది...

వస్తే రానీ, అనుకుంది. అనుకుందే గానీ నమ్మలేదు.

నమ్మకుండానే, ఒక కాలు గేటు బయట పెట్టింది.