పిల్లికి రేగడి మన్ను

కోవిల్‌పట్టిలో చెల్లమ్మాళ్ ఇంట్లో నేలమీదే అన్నం వడ్డించుకుని తినొచ్చని వీధిలో అందరూ అనేవాళ్ళు. ఆ మాట మొదట అన్నది చెల్లమ్మాళే అనుకోండి, కానీ ఒకసారి పుట్టిన మాటకు తల్లెవరని ఎవరడుగుతారు? ఆవిడ తెల్లారక ముందే వాకిలి కడిగేది, తలుపు గడియలు తుడిచేది, ఇల్లు ఊడ్చిన చీపురును కూడా కడిగి ఎండబెట్టేది. ఎదుట ఎవరైనా తుమ్మితే రెండడుగులు వెనక్కి జరిగేది. అలాంటి ఇంటికి కోడలు బృంద విరుదునగర్ నుంచి కాపురానికి వస్తూ పిల్లిని తెచ్చుకుంది. చంకలో పిల్లిని పెట్టుకుని పెళ్ళికి పోయినట్టని సామెత అందరూ చెప్తారు గానీ, చేసి చూపించింది మాత్రం ఈ పిల్లే.

పిల్లి పేరు లట్టు. దాంతోబాటు వెడల్పాటి ఒక ప్లాస్టిక్ పెట్టె, ఒక పెద్ద పొట్లం దిగాయి.

"ఇదేమి పొట్లం?" అంది చెల్లమ్మాళ్.

"మన్ను అత్తా. ఇది పెట్టెలో పోస్తే లట్టు దాంట్లోనే పోతాది. ఇంకెక్కడా పోదు."

"మన్ను అంగడిలో కొంటివా?" చెల్లమ్మాళ్ కొడుకు కణ్ణన్ వైపు తిరిగింది. "ఒరే కణ్ణా, విన్నావా? విళాత్తికుళం పక్కన మనకు అంత రేగడి ఉండాది. దాంట్లో పత్తి పండె, మిరప పండె, మీ తాత కాలం నుంచి అందరమూ దాని కూడే తింటిమి. ఒక పిల్లి పియ్యికి అది పనికిరాదా?"

కొన్న పొట్లం మురిక్కాలవలోకి పోయింది. కణ్ణన్ బండి వేసుకుపోయి గోనెసంచి నిండా నల్లరేగడి తెచ్చాడు. చెల్లమ్మాళ్ దాన్ని తన చేత్తోనే దంచి పెట్టెలో పోసింది. ఆ మన్నంటే ఆవిడకు అంత గర్వం.

రేగడి సంగతి ఆవిడకు తెలియనిది కాదు. వాన పడితే చేలో అడుగు వెయ్యలేం, చెప్పు అక్కడే ఉండిపోతుంది, కాలు ఒక్కటే వస్తుంది. ఎండితే గడ్డపారకు కూడా లొంగదు. అయినా తన చేని మన్నులో వంక ఉంటుందని ఆవిడకు తోచలేదు. పిల్లి మొదటిరోజు బుద్ధిగా పెట్టెలోకి దిగింది. ఉచ్చతో తడిసిన రేగడి దాని వేళ్ళ సందుల్లోకి జీడిలా ఎక్కింది. పాపం, కాలు విదిలించింది, నాకింది, మళ్ళీ విదిలించింది. మర్నాటికి పెట్టెలో మన్ను ఇటుకైపోయింది, గోరు దిగలేదు. ఆపైన పిల్లి తన దారి తాను చూసుకుంది.

ఆ దారి కణ్ణన్ ఆఫీసు బూటులోంచి మొదలైంది. తర్వాత ఉతికి మడిచిన చీరల దొంతర. తర్వాత గ్రైండర్ వెనక మూల. అక్కడ రెండురోజులు ఎవరికీ కనబడక, ఇడ్లీపిండి పులిసిన వాసనతో కలిసి ఒక కొత్త కంపు పుట్టింది. ఆ కంపు ముక్కులోంచి గొంతులోకి దిగి అక్కడే కూర్చునేది. ఒక శుక్రవారం పొద్దున చెల్లమ్మాళ్ స్నానం చేసి, తడి కాళ్ళతో దేవుడి గూటికి పోతూ మెత్తగా దేన్నో తొక్కింది. వెచ్చగా కూడా ఉంది. కాలివేళ్ళ మధ్యలోంచి పైకి వచ్చిందది. ఆవిడ ఒంటికాలి మీద కుంటుకుంటూ దొడ్డి దాకా పోయి, ఆ కాలిని ఇటుకపొడితో చర్మం ఎర్రబడే దాకా తోమి, కడుపులో ఉన్న కాఫీ అంతా కక్కింది. ఆ పూట అన్నం ముట్టలేదు. ముద్ద ఎత్తితే చాలు, ఆ మెత్తదనమే గుర్తొచ్చేది.

ఇక యుద్ధమే. ఫినాయిల్ పోసింది, మూలమూలకూ కలరా ఉండలు వేసింది, నిమ్మతొక్కలు పరిచింది, సాంబ్రాణి పొగ పెట్టింది. పిల్లి పెట్టెను కూడా రోజూ ఫినాయిల్‌తో కడిగి మళ్ళీ రేగడే పోసింది. ఇల్లంతా ఆసుపత్రి వాసన, దానికింద పిల్లి వాసన.

"మా అమ్మను ఫోనులో అడిగితిని అత్తా," అంది బృంద భయంభయంగా. "విరుదునగర్‌లో పక్కింటివాళ్ళు ఇల్లు కట్టేటప్పుడు మిగిలిన ఇసుక పోసేది అంట. మనమూ మన్ను మార్చి చూద్దామా?"

"మన్నులో ఏమీ తప్పు లేదు. పిల్లి పెరిగిన ఇంటిలో ఉండాది తప్పు."

ఆ మాట విరుదునగర్ దాకా పోయిందో లేదో తెలియదు గానీ, బృంద రెండురోజులు అత్తతో మాట్లాడలేదు.

ఇంతలో వీధి కాళియమ్మ గుడిలో పొంగల్ పండగ దగ్గరపడింది. ఆ పండగకు ఆడవాళ్ళు ములప్పారి వేస్తారు. కుండల్లో ఎర్రమన్నూ, జల్లించిన మేకపెంటా పోసి, నానబెట్టిన పెసలూ అలసందలూ చల్లి, ఒకరి ఇంట్లో వెలుతురు లేని గదిలో దాస్తారు. స్నానం చేసిన ఆ ఇంటి పెద్దామె తప్ప ఎవరూ ఆ గది తలుపు తియ్యకూడదు. సాయంత్రాలు మాత్రం అందరూ వచ్చి, గుడ్డ కప్పిన కుండల్ని నడవలోకి తెప్పించి, చుట్టూ తిరుగుతూ చప్పట్లతో కుమ్మి కొడతారు. పండగరోజే గుడ్డ తీసి, కుండలు తలకెత్తుకుని గుడికి పోతారు. మొలక ఒత్తుగా లేస్తే ఆ ఇల్లు చల్లగా ఉంటుంది. మధ్యలో బోడిగా మిగిలితే ఆ ఇంటికి కీడు. దీన్ని నమ్మని ఆడది ఆ వీధిలో లేదు.

ఏటా కుండలు పెట్టుకునే ఇంట్లో ఈసారి పురుడు వచ్చింది. వీధి పెద్ద సీనియమ్మాళ్ ఆడవాళ్ళను వెంటబెట్టుకుని వచ్చి, "నీ ఇంటి అంత సుద్దమైన ఇల్లు ఇంక ఏది చెల్లా? నీవే పెట్టుకో" అంది. పెళ్ళయి ఆ వీధికి వచ్చిన నాటి నుంచీ చెల్లమ్మాళ్ ఎదురుచూసిన మాట అదే. ఆవిడకు కళ్ళనీళ్ళు తిరిగాయి.

"పండగ దాకా లట్టును విరుదునగర్‌లో వదిలేసి వస్తాను అత్తా," అంది బృంద.

"వద్దు. ఏమిటికి పంపిస్తిరి అని అడుగుతారు. ఏమి చెప్పేది? మా ఇల్లంతా పిల్లి పియ్యి అని చెప్పేదా?"

పిల్లి ఉండిపోయింది.

కుండలు వచ్చాయి. చెల్లమ్మాళ్ కుండ నట్టనడుమ, దాని చుట్టూ తక్కినవాళ్ళవి. అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలో పనిచేసే ముత్తుమారి కుండ తలుపు పక్కన మూలకు చేరింది. ముత్తుమారిది వీధి చివర రేకుల ఇల్లు. ఇంట్లో వాళ్ళు మాట్లాడేదీ తెలుగే, కానీ ఈ ఇళ్ళలో ఎవరూ ఆమెను నడవ దాటి లోపలికి పిలిచింది లేదు. ఆమె కూతురు ఇసక్కిసెల్వికి మూర్ఛలు వస్తాయి. అవి తగ్గాలని మొక్కుకుని ఈ ఏడే మొదటిసారి కుండ వేసింది. దాన్ని మూలకు పెట్టమని ఎవరూ చెప్పలేదు, ఎవరూ కాదనా లేదు. ఎవరి కుండ ఏదో తెలియడానికి మెడకు దారాలు కట్టారు. చెల్లమ్మాళ్‌ది పసుపుదారం, ముత్తుమారిది ఎర్రదారం.

మొలకలు వేలెడంత లేచిన రోజు. చెల్లమ్మాళ్ స్నానం చేసి, తడిచీరతో వచ్చి గడియ తీసింది. గుప్పుమంది. ముందు రోజు కుమ్మి అయ్యాక నీళ్ళు చల్లి తలుపు మూసినప్పుడు పిల్లి లోపలే ఉండిపోయింది, మూసింది తనే. అది నట్టనడిమి కుండలో కూర్చుని ఉంది. కళ్ళు సగం మూసుకుని, ముఖంలో అంత ప్రశాంతత. పాపం, ఆ ఇంటికి వచ్చాక దాని కాలికి మెత్తటి మన్ను తగలడం అదే మొదలు. పని అయ్యాక గోళ్ళతో చక్కగా మన్ను కప్పింది కూడా. విరుదునగర్‌లో నేర్చిన మర్యాద అంతా చెల్లమ్మాళ్ పసుపుదారం కుండలో చూపించింది.

చెల్లమ్మాళ్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. కేక వేస్తే బృంద వస్తుంది, బృంద వస్తే వీధి వస్తుంది. పలకకుండా, పారకోసం కూడా పోకుండా, ఉత్త చేత్తో ఎత్తింది. మొలకలతో చుట్టుకుపోయి, ముద్దగా, జిగటగా. గోళ్ళలోకి పోయింది. పాత పేపర్లో చుట్టి దొడ్డి గోడ అవతల పారేసి, చెయ్యి కడిగి, వాసన చూసి, మళ్ళీ కడిగింది. కుండలో గుంట పడినచోట కొత్త మన్నూ నానిన గింజలూ వేసింది. ఉచ్చ ఇంకిన మన్నును మాత్రం ఏం చెయ్యగలదు?

కూడదీసుకున్న ధైర్యమంతా ఆ సాయంత్రం కరిగిపోయింది. కుండల్ని నడవలో దించి కుమ్మి కొడుతుంటే సీనియమ్మాళ్ ముక్కు ఎగబీల్చింది.

"ఏమో నాత్తం వస్తాండాదే?"

"ఎరువు వాసన," అంది చెల్లమ్మాళ్.

"ఎరువు వాసన నాకు తెలీదా? ఆ మూల కుండది కదా అది?"

ఆడవాళ్ళ చూపులు ఎర్రదారం మీదికి పోయాయి. ముత్తుమారి చేతులు చప్పట్లు మరిచి ఆగిపోయాయి. కాదు అని ఒక్క మాట చెల్లమ్మాళ్ అనొచ్చు. అనలేదు. తేలు కుట్టిన దొంగలా నిలబడి, సాంబ్రాణి మరికాస్త వేసింది.

అవతల బృంద ఎవరినీ అడక్కుండా, కుండల్లో పోయగా మిగిలిన ఎర్రమన్నును పిల్లి పెట్టెలో పోసింది. ఆ రోజు నుంచి పిల్లి పెట్టె దాటలేదు. బూటూ లేదు, చీరా లేదు, గ్రైండరూ లేదు. చెల్లమ్మాళ్ ఆ పెట్టె ముందు చాలాసేపు నిలబడింది. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకున్నానని తెలిసింది.

పండగ దగ్గరికొచ్చేసరికి పసుపుదారం కుండ నడుమ అరచెయ్యంత బోడి. అంచుల్లో మొలకలు పసుపెక్కి వాలిపోయాయి. మూల కుండ మాత్రం, చూస్తే కళ్ళు నిలిచేలా, జానెడు ఎత్తున దువ్వినట్టు లేచింది. పండగ ముందురోజు మధ్యాహ్నం, అందరూ పొంగలి బియ్యం చెరుగుతుంటే, చెల్లమ్మాళ్ గదిలోకి పోయి గడియ వేసుకుంది. కుండలు నడిమికీ మూలకూ మార్చింది. దారాలూ మార్చింది. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టు, ఆ చీకట్లో తనను అమ్మవారు కూడా చూడలేదనుకుంది.

మర్నాడు వాకిట్లో మేళం మోగింది. కుండలు ఒక్కొక్కటే వెలుగులోకి వచ్చాయి. పసుపుదారం కుండను చూసి ఆడవాళ్ళు బుగ్గలు నొక్కుకున్నారు. "చెల్లా ఇల్లు అంటే చెల్లా ఇల్లు దా!" అన్నారు. తర్వాత ఎర్రదారం కుండ వచ్చింది.

ముత్తుమారి ఆ బోడిని చూసింది, గుమ్మం దగ్గర నిలబడ్డ కూతుర్ని చూసింది. ఏడవలేదు. వంగి కుండను తలకెత్తుకుంది. పొద్దున చల్లిన నీళ్ళు కుండ అడుగున చిల్లిలోంచి కారి, గోధుమరంగు చారలుగా ఆమె నుదుటి మీదికి దిగాయి. ఆమె ఆ నీళ్ళను తీర్థంలా వేలితో తీసి రెండు కళ్ళకూ అద్దుకుంది. వేలిని నాలుకకూ రాసుకుంది. తర్వాత చెల్లమ్మాళ్ ముందుకు వచ్చింది.

"అమ్మా, మన్నించండి. ఆ నాత్తం నాదే. దినమూ తలకు పోసుకుని దా వస్తిని. ఫ్యాక్టరీ మందు ఒంట్లోకే పోయి ఉండాదేమో, ఎంత కడిగినా పోలేదు. నా వల్ల మీ ఇల్లు పాడాయె. పాప పేరు చెప్పి మొక్కుకుంటిని, నా చేతి దోసం దానికి తగలకూడదని మీరు ఒక మాట కాళియమ్మకు చెప్పండి."

గోధుమరంగు చుక్క ఒకటి ఆమె పెదవి మీద ఆగి ఉంది. అదేమిటో చెల్లమ్మాళ్‌కు తెలుసు. కాలివేళ్ళ మధ్యలోంచి వచ్చినప్పుడు కూడా పుట్టనంత అసహ్యం, ఉత్త చేత్తో ఎత్తినప్పుడు కూడా పుట్టనంత అసహ్యం ఇప్పుడు పుట్టింది. ఈసారి అది పిల్లి మీద కాదు.

"దించు," అంది.

"అమ్మా?"

"దించు ముత్తుమారీ! అది నాది. నా కుండలో పిల్లి పియ్యి వేసె, ఉచ్చ పోసె. నేనే దా దారం మారిస్తిని. నీది ఇదిగో, నా దగ్గర ఉండాది. నీ చేతిలో ఏ దోసమూ లేదు."

మేళం ఆగింది. ఆడవాళ్ళు కొంగులు ముక్కుకు అడ్డం పెట్టుకున్నారు. తమ కుండల్లోకి తొంగి చూసుకునేవాళ్ళు, వాసన చూసేవాళ్ళు. "పైన పటారం, లోన లొటారం" అని సీనియమ్మాళ్ అందరికీ వినబడేట్టే అంది. బృంద తల వంచుకుంది. చెల్లమ్మాళ్‌కు ఇవేవీ పట్టలేదు. ముత్తుమారి తిడుతుందని, లేకపోతే కాళ్ళ మీద పడి ఏడుస్తుందని ఎదురుచూసింది. తిట్టినా బాగుండేది.

ముత్తుమారి కుండ దించింది. వాకిట్లో కుళాయి దగ్గరికి పోయి కూర్చుని, నెత్తి మీద నీళ్ళు పోసుకుంది. జుట్టు విప్పి రుద్దుకుంది. కళ్ళు కడుక్కుంది, మళ్ళీ కడుక్కుంది. నాలుకను కొంగుతో గట్టిగా గీకి ఉమ్మింది. నోట్లో వేలు పెట్టుకుని కక్కబోయి, ఏమీ రాక దగ్గింది. వీధి అంతా చూస్తూ నిలబడింది. చెల్లమ్మాళ్ ఇంటి నుంచి వచ్చినదాన్ని ఒకరు అలా కడుక్కోవడం ఆ వీధి ఎప్పుడూ చూడలేదు.

చెల్లమ్మాళ్ పసుపుదారం తెంపేసి, ఒత్తుగా లేచిన ఆ కుండను రెండు చేతులా ఎత్తి ఆమె ముందుకు పట్టింది. ముత్తుమారి నీళ్ళు కారుతున్న ముఖంతో లేచి వచ్చింది. చేతులు చాచలేదు. కుండ వైపే చూస్తూ నిలబడింది.

అప్పుడు చెల్లమ్మాళ్‌కు అర్థమైంది. కుండను నేలమీద పెట్టి, వెనక్కి జరిగింది. ముత్తుమారి వంగి, దాన్ని నేలమీద నుంచి తీసుకుంది.