అవునా, కాదా

వేర్వేరు దేశాలవాళ్ళు, పైవాళ్ళూ కిందివాళ్ళూ ఒకరితో ఒకరు ఎలా మాట్లాడుకుంటారన్నది నా పరిశోధన. వినడానికి గొప్పగానే ఉంటుంది. చేసేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది. మా పిన్ని మిషను కుట్టే బట్టల ఫ్యాక్టరీలోనే ఏడాదిగా ఒక మూల కూర్చుని విన్నాను.

అక్కడ ఎవరూ పైవాళ్ళకు కాదని చెప్పరు. రాత్రి షిఫ్టుకు రమ్మంటే "చూస్తానండి" అంటారు, రారు. పాత మేనేజరుకు ఆ సంగతి తెలుసు. చూస్తానన్న మనిషిని వదిలేసి ఇంకొకరిని పిలిచేవాడు. ఎవరి పరువూ పోయేది కాదు. పక్షవాతంతో మంచం పట్టిన బాబాయికి రోజూ రాత్రి పిన్ని అన్నం పెట్టగలిగేదంటే ఆ మర్యాద పుణ్యమే.

పరాయి దేశం నుంచి వచ్చిన కొత్త మేనేజరుకు ఈ గుట్టు విప్పి చెప్పింది నేనే. తెర మీద బొమ్మలు వేసి మరీ చెప్పాను. ఆయన చప్పట్లు కొడితే ఉబ్బితబ్బిబ్బయ్యాను. చదవేస్తే ఉన్న మతి పోయిందని ఊరికే అనలేదు.

మర్నాడే పిన్నిని గదిలోకి పిలిపించాడు. నేనూ అక్కడే ఉన్నాను. ఇకనుంచి రోజూ రాత్రి షిఫ్టుకు వస్తారా అని దుబాసీ చేత అడిగించాడు.

"చూస్తానండి," అంది పిన్ని.

మేనేజరు నా వైపు చూసి నవ్వి, దుబాసీకి ఏదో చెప్పాడు.

"చూస్తానంటే రానని అర్థమట కదమ్మా. మొహమాటం వద్దంటున్నారు. అవునా, కాదా, ఒక్క మాట చెప్పమంటున్నారు," అన్నాడు దుబాసీ.

కాదంటే ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో ఎవరికి తెలుసు? పిన్ని నా వైపు చూడలేదు.

"అవునండి," అంది.

బయటికొచ్చాక, "నేను ఆయనతో మాట్లాడతాను పిన్నీ," అన్నాను.

"వద్దులేమ్మా, మాట్లాడింది చాల్లే." గొంతులో కోపం కూడా లేదు. నాలుగు తిట్టినా బాగుండేది. "బాబాయికి మెత్తగా కలిపి పెట్టు. తొందరపెట్టకు, పొలమారుతుంది."

ఆమె షిఫ్టుకు వెళ్ళాక అన్నం కలుపుకుని మంచం పక్కన కూర్చున్నాను. నా మీద నాకే రోతగా ఉంది. బాబాయికి మాట పడిపోయి చాలా కాలమైంది. ముద్ద నోటి దగ్గర పెడితే పెదాలు బిగించి, తల పక్కకి తిప్పేశాడు.

"ఇవాళ పిన్ని రాదు బాబాయ్. ఇక రోజూ నేనే పెట్టాలి," అన్నాను.

ఆయన గుమ్మం వైపే చూస్తున్నాడు. ముద్ద నా చేతిలోనే చల్లారింది.