అరగదీసిన గాలాలు

చేప బొమ్మకు ఇన్ని ముళ్లెందుకో ఆమెకు అర్థం కాలేదు.

బొమ్మ మాత్రం ముద్దొస్తోంది. వేలెడంత ఉంది. వీపు ఆకుపచ్చ, పొట్ట వెండి రంగు, గుండ్రటి కళ్లు. ఊపితే లోపల గింజల్లాంటివేవో గలగలమంటున్నాయి. కానీ పొట్ట కింద ఒక గాలం, తోక దగ్గర ఇంకో గాలం వేలాడుతున్నాయి. ఒక్కో గాలానికి మూడు కొనలు. అలాంటి బొమ్మలు డబ్బా నిండా, గదికొకటి చొప్పున సర్ది ఉన్నాయి.

"ఇవి ఎరలమ్మా," అంది కూతురు. "వానపాములూ అవీ తవ్వుకోనక్కర్లేదు. నీళ్లలో విసిరి లాగితే నిజం చేపలాగే ఈదుతుంది. బాస్ అని, చిన్న చేపల్ని వేటాడే పెద్ద చేప ఉంటుంది, అది చూసి మీద పడుతుంది."

"మీద పడేది చేపో, మనిషో! విసిరేటప్పుడు వెనకాల ఎవరైనా ఉంటే? కంట్లో దిగితే?"

"మొదలెట్టిందిరా మీ అమ్మ," అన్నాడు భర్త. అన్నాడే గానీ చూపు డబ్బా మీద నుంచి తిప్పలేదు. ఒక్కో బొమ్మనూ తీసి, వెలుతురుకు పెట్టి, మళ్లీ దాని గదిలో పడుకోబెడుతున్నాడు. "ఎంత పోశావే వీటికి?"

"రేటు చీటీ పీకేశాను నాన్నా. అడక్కు."

ఆ మాటకు అతను నవ్వాడు. ఆ నవ్వు చూసి తల్లికి కడుపు నిండిపోయింది. ఎందుకంటే ఆ ఇంట్లో మొన్నమొన్నటిదాకా, ఏడాదిన్నర పాటు తండ్రీకూతుళ్లు ఎడమొహం పెడమొహంగా ఉన్నారు. కూతురు చదువు మధ్యలో మానేసి కళ్లద్దాల కొట్లో పనికి చేరిన నాటి నుంచీ అదే తంతు. "నీళ్లు కాగాయేమో నాన్నని అడుగమ్మా," "కాగాయని దానికి చెప్పు," అని గోడకు రెండు వైపులా ఉన్నట్టు తల్లి ద్వారానే మాట్లాడుకునేవారు.

అతను లిఫ్టులు బాగుచేసే మెకానిక్. వారమంతా గ్రీజులో, ఇరుకు గోతుల్లో నడుం వంచి పనిచేసే మనిషి. ఆదివారం పొద్దున ఊరి చివర జలాశయం గట్టు మీద గాలం వేసుకుని కూర్చోవడం ఒక్కటే అతని సరదా. ఒక ఆదివారం నడుం పట్టేసి సామాను మోయలేకపోతే కూతురు తానుగా సంచీ భుజాన వేసుకుని వెంట వెళ్లింది. ఏం మాట్లాడుకున్నారో ఏమో, మధ్యాహ్నానికి ఇద్దరూ బురద కాళ్లతో నవ్వుకుంటూ వచ్చారు. గుమ్మంలోంచే, "గువ్వకి ముందు నీళ్లివ్వవే," అన్నాడు. గువ్వ అని చిన్నప్పుడు పిలిచేవాడు. చదువు మానేసినప్పటి నుంచీ ఆ పిలుపూ మానేశాడు.

అలా ఆదివారాలు ఇద్దరివీ అయ్యాయి. కూతురు తన జీతంలోంచి మొదటిసారి తండ్రికంటూ కొన్నది ఈ డబ్బానే. తల్లికి ఇంతకన్నా కావలసిందేముంది? ఏమీ లేదు. కానీ ఆమె భయం ఆమెది. ఇంట్లో కత్తిపీట మొన గోడ వైపు ఉండాలి. వాన పడితే స్విచ్చి ముట్టుకోకూడదు. ఫోను రెండుసార్లు మోగి ఆగిపోతే ఎవరికో ఏదో అయిపోయినట్టే.

వాళ్లతో పాటు జలాశయానికి వెళ్లే మూడో మనిషి ఆమె తమ్ముడు. ఇళ్లకు రంగులేసే పని అతనిది, మాటలకు కూడా రంగులేస్తాడు. డబ్బా చూసి ఈల వేశాడు.

"అబ్బో! బావా, ఇవి చేపలకా, షోకేసుకా?" అంటూ జేబులోంచి చిన్న పాలిథిన్ సంచీ తీశాడు. అందులో రోడ్డు పక్క బండి మీద కొన్న రబ్బరు పురుగులు, ఎర్రవీ ఊదావీ. "నావి చూడండి. టీ ఖర్చుతో వచ్చేశాయి. చేపకి రేటు చదవడం వచ్చా ఏంటి?"

"నాణ్యం తెలుస్తుంది మావయ్యా," అంది మేనకోడలు.

"సరే, పందెం! ఆఫీసులో బాస్‌ని ఎవరూ పట్టలేం. నీళ్లలో బాస్‌ని ఎవరు ముందు పడతారో చూద్దాం. నీ ఖరీదు చేపో, నా చవక పురుగో."

"నేను నా కూతురి వైపు," అన్నాడు తండ్రి.

ఆ మాట విని కూతురు తల వంచుకుని డబ్బా మూత రెండుసార్లు తెరిచి మూసింది.

తల్లి ఒక లాండ్రీలో గుండీలు కుట్టే పని, అంచులు మడిచే పని చేస్తుంది. ఆ వారం అక్కడికి ఒక చొక్కా వచ్చింది. కాలరు నుంచి జేబు దాకా రక్తం ఎండిపోయి ఉంది. "చేపలు పట్టబోతే గాలం రెప్పలో దిగిందంట. డాక్టరు కోసి తీశాడంట," అని కౌంటరు మీద కూర్చునే ఆవిడ చాలా మామూలుగా చెప్పింది. తల్లికి మాత్రం చేతిలో సూది ఆడలేదు. ఇంటికి వచ్చేదాకా కళ్ల ముందు కూతురి కన్నే. కళ్లద్దాల కొట్లో పనిచేసే పిల్లకు కన్ను పోతే? భర్తకు వేలు పోతే? లిఫ్టు తీగలు పట్టే వేళ్లు!

భర్తా కూతురూ ఇంకా పని నుంచి రాలేదు. ఆమె వంటింట్లో కత్తులు నూరే రాయి తీసింది. దాని మీద నాలుగు చుక్కల నీళ్లు చల్లి, డబ్బా ముందు పెట్టుకుని, ఒక్కో బొమ్మనూ పట్టుకుని కొనలన్నీ అరగదీసింది. గాలం గాలంలాగే ఉంది, చివర వాడి మాత్రం లేదు. సూదిని చూసినట్టే బొటనవేలి గోరు మీద లాగి చూసింది. వాడి ఉన్న సూది గోటిని పట్టుకుంటుంది, మొద్దుది జారిపోతుంది. అన్నీ జారాయి. అప్పుడు గానీ ఆమెకు ఊపిరి ఆడలేదు. మొద్దు సూదితో కుడితే బట్ట ఏమవుతుందో ఆమెకు తెలుసు. మొద్దు గాలంతో చేప ఏమవుతుందో ఆ పూట తట్టలేదు.

ఆదివారం మధ్యాహ్నం తమ్ముడి గొంతు వీధి మొదట్లోంచే వినిపించింది.

"అక్కా! పురుగు గెలిచింది! బాస్‌ని పట్టేశా!"

వెనక కూతురు వచ్చింది. "మాకే ఎక్కువ తగిలాయమ్మా," అంది చెప్పులు విప్పకుండానే. "విసిరిన ప్రతిసారీ వచ్చి కొడుతున్నాయి. గాలం రాడ్ వంగుతోంది కూడా. ఇంతలో వదిలేస్తున్నాయి."

"కొట్టడం లేదే పిచ్చిదానా, ముద్దు పెట్టి పోతున్నాయి! ఖరీదైన బొమ్మ కదా, కొరకడానికి మనసు రావట్లేదు వాటికి!" అన్నాడు తమ్ముడు.

అందరూ నవ్వారు. భర్త కూడా నవ్వాడు, కాస్త ఆలస్యంగా. తల్లి మాత్రం గిన్నె చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయింది. వదిలేస్తున్నాయంటే ఎందుకో ఆ ఇంట్లో ఆమె ఒక్కదానికే తెలుసు. చెప్పేద్దామనుకుంది. నవ్వుతున్నారు కదా, ఇప్పుడెందుకు అనుకుంది. వచ్చే వారం పాత ఎరలు పట్టుకెళ్తారులే, ఇది మర్చిపోతారులే అనుకుంది.

మర్చిపోలేదు. కూతురు పట్టు పట్టి మళ్లీ ఆ బొమ్మలే తీసుకెళ్లింది. మళ్లీ అదే జరిగింది. తగలడం, రాడ్ వంగడం, దారం వదులైపోవడం. ఈసారి తమ్ముడు గట్టు మీద ఉన్న తక్కిన వాళ్లందరికీ ముద్దుల కథ చెప్పి నవ్వించాడట. భర్త ఇంటికొచ్చి డబ్బాను బల్ల మీద కాస్త గట్టిగానే పెట్టాడు.

"డూప్లికేటు సరుకు అంటగట్టాడు నీకు. రంగు చూసి మోసపోయావు."

"మంచి కొట్టు నాన్నా. నేను అన్నీ అడిగి—"

"ఏం అడిగావు? అడగడం తెలిస్తే చదువే పూర్తి చేసేదానివి. సగం సగం పనులు."

అని తనే ఉలిక్కిపడినట్టు ఆగాడు. కానీ నోరు జారిన మాట జారిపోయింది. కూతురు డబ్బా తీసుకుని లోపలికి వెళ్లింది. తల్లి గుమ్మం దగ్గర నిలబడి, "ఏమండీ," అంది. "ఏంటి?" అన్నాడతను, మొహం ఎర్రగా చేసుకుని. చెప్తే అరుస్తాడు. అరిస్తే రక్తపోటు. రక్తపోటుకు ఏమైనా అయితే? ఆలోచన ఆసుపత్రి మంచం దాకా వెళ్లిపోయింది. "మంచినీళ్లు కావాలా?" అని అడిగి వంటింట్లోకి వచ్చేసింది.

మరునాడు కూతురు డబ్బా పట్టుకుని, అవి కొన్న కొట్టుకు వెళ్లింది. తిరిగి వచ్చి ఒక్క ముక్కే చెప్పింది. "వాడేసి, రాళ్లకేసి గీసేసి, మార్చమని తెచ్చారా అన్నాడు. నలుగురి ముందు." మంచినీళ్లు తాగడానికి వంటింట్లోకి వెళ్లింది. చాలాసేపు అక్కడే ఉంది. బయటికి వచ్చాక డబ్బాను బీరువా మీద, పాత దుప్పట్ల వెనక్కి తోసేసింది. ఆ వారం నుంచే ఆదివారం డ్యూటీ వేయించుకుంది.

మళ్లీ గోడ లేచింది. ఈసారి తల్లి ద్వారా మాట్లాడుకోవడం కూడా తక్కువే. భర్త ఆదివారాలు బావమరిదితో వెళ్లి, ఏదో పడితే పడిందనిపించుకుని వస్తున్నాడు. గువ్వ అన్న మాట ఇంట్లో వినిపించడం లేదు.

తల్లి అన్ని కీడులూ ముందే ఊహించి పెట్టుకునే మనిషి. కన్ను, వేలు, కరెంటు, రోడ్డు. ఈ కీడు మాత్రం ఆమె ఊహకు అందలేదు.

చివరికి ఒక మధ్యాహ్నం లాండ్రీ నుంచి త్వరగా బయటపడి, ఎరలు అమ్మే ఆ కొట్టుకే వెళ్లింది. విడి గాలాలు దొరుకుతాయని, పాతవి తీసి కొత్తవి తగిలించుకోవచ్చని అక్కడే తెలిసింది. ఇంత సులువా అనుకుంటే ఏడుపొచ్చింది. ఇంటికొచ్చి దుప్పట్ల వెనక నుంచి డబ్బా దించి, భర్త పట్టుకారు తెచ్చుకుని కూర్చుంది. చిన్న రింగు తెరవాలి, పాత గాలం తప్పించాలి, కొత్తది ఎక్కించాలి. రెండో బొమ్మ దగ్గర పట్టుకారు జారింది. గాలం చూపుడువేలిలో దిగింది.

ఆమె కేక కూడా పెట్టలేదు. మెల్లగా వెనక్కి లాగితే వచ్చేసింది. ఒక రక్తం చుక్క. సూది గుచ్చుకుంటే రోజూ వచ్చేంతే. ఇంతేనా, అనుకుంది. దీని కోసమా నేను!

"పసుపు రంగు డబ్బాలో ప్లాస్టర్ ఉందమ్మా," అని వినిపించింది. గుమ్మంలో కూతురు. ఎప్పుడొచ్చిందో.

తల్లి డబ్బాకు చేతులు అడ్డం పెట్టబోయింది. కూతురే ప్లాస్టర్ తెచ్చి, పక్కన కూర్చుని వేలికి చుట్టింది.

"ఇవి... ముళ్లు... నేనే..." అని తల్లి తడబడింది.

"నాకు తెలుసు."

"తెలుసా? ఎప్పటి నుంచే?"

"కొట్టువాడు గోటి మీద లాగి చూపించాడు, మొద్దని. ఇంటికొచ్చి కత్తుల రాయి చూశాను. వెంట్రుకల్లాంటి గీతలు రాయంతా. కత్తి నూరితే అలా పడవు."

"మరి మీ నాన్నకి చెప్పలేదేమే?"

కూతురు ప్లాస్టర్ అంచు నొక్కుతూ, "చెప్తే నిన్ను అంటాడు," అంది. "నన్ను అనడం ఆయనకీ అలవాటే, నాకూ అలవాటే."

కోపంగా అని ఉంటే బాగుండేది. చాలా మామూలుగా, కొట్లో ఎవరికో అద్దాల నంబరు చెప్పినట్టు అంది.

ఆ సాయంత్రం భర్త చేతులు కడుక్కుని వచ్చేసరికి తల్లి డబ్బా బల్ల మీద పెట్టి ఎదురుగా కూర్చుని ఉంది. కూర్చోబెట్టి మొత్తం చెప్పింది, రక్తం చొక్కా దగ్గర మొదలుపెట్టి. అరుస్తాడనుకుంది. అరవలేదు. ఆమె తీసి పక్కన పెట్టిన పాత గాలం ఒకటి తీసుకుని గోటి మీద లాగాడు. జారింది. మళ్లీ లాగాడు.

"కొత్తవి కదా అని నేను కూడా చూడలేదు," అన్నాడు. "నేనేం అన్నానో దానికి గుర్తుందంటావా?"

ఆమె మిగతా పాత గాలాలు ఏరి కాగితంలో చుట్టింది.

శనివారం అతనే కూతురి గది దగ్గరికి వెళ్లాడు. తల్లికి వంటింట్లోకి వినిపించింది.

"గువ్వా, రేపు వస్తావా?"

"డ్యూటీ నాన్నా."

"సెలవు పెట్టకూడదూ?"

"కుదరదు నాన్నా. మాటిచ్చేశాను."

గొంతులో కోపం లేదు. అదే ఇబ్బంది. కోపమైతే బతిమాలవచ్చు.

ఆదివారం భర్త, తమ్ముడు వెళ్లారు. మధ్యాహ్నం వీధి మొదట్లో కేక వినిపించలేదు. ఇద్దరూ మెల్లగా వచ్చారు. ఫోనులో ఫొటో ఉంది. నోట్లో వెండి పొట్ట బొమ్మ వేలాడుతున్న పెద్ద బాస్. దాన్ని పట్టుకున్న భర్త మొహంలో గెలిచిన జాడే లేదు.

"ఒప్పుకున్నానక్కా," అన్నాడు తమ్ముడు, రబ్బరు పురుగుల సంచీ చేతిలో నలుపుతూ. "ఖరీదైనదే గెలిచింది. నాకు ఒక్కటీ పడలేదు. పాపం ఆ పిల్ల చెప్తూనే ఉంది, నేనే నోరు మూయకుండా..." తరవాత ఏం జోకు వేయాలో తెలియక టీ కూడా తాగకుండా వెళ్లిపోయాడు.

కూతురు వచ్చేదాకా భర్త ఫోను చేతిలోంచి దించలేదు. రాగానే చూపించాడు. "నీ బొమ్మే పట్టింది."

"పెద్దదే నాన్నా," అంది. తిరిగి ఫోను ఇచ్చేసి, కాళ్లు కడుక్కోవడానికి వెళ్లింది. అతను డబ్బా తెరిచి, తడిసిన బొమ్మను గుడ్డతో తుడిచి దాని గదిలో పడుకోబెట్టాడు.

తరవాతి ఆదివారం పొద్దున అతను తలుపు పక్కన రెండు రాడ్లు ఆనించి పెట్టాడు. రెండింటికీ చివర కొత్త ముళ్ల బొమ్మలు వేలాడుతున్నాయి. కూతురు నిలబడే టీ తాగి, కొట్టు బ్యాడ్జి కుర్తాకు పెట్టుకుని, గుమ్మం దాకా వచ్చి ఆగింది. రాడ్లను చూసింది. ఒక క్షణం చెయ్యి లేచినట్టే లేచింది.

'జాగ్రత్తే, గుచ్చుకుంటుంది' అన్న మాట తల్లి నాలిక చివరి దాకా వచ్చింది. గట్టిగా పెదవులు బిగించుకుంది.

కూతురు చున్నీ రాడ్లకు తగలకుండా పక్కకు పట్టుకుని, వాటిని తప్పుకుని, మెట్లు దిగి వెళ్లిపోయింది. భర్త కాసేపు వీధి వైపు చూశాడు. తరవాత ఒక రాడ్ తీసుకుని, రెండోదాన్ని తల్లి చేతికిచ్చాడు.

"లోపల పెట్టు," అన్నాడు. "జాగ్రత్తగా. ఇప్పుడు వాడిగా ఉన్నాయి."