ముందుగా తీర్చిన మొక్కు

ఆ శనివారం ఉదయం మా ఇంట్లో గొడవ దువ్వెన గురించి.

"నా దువ్వెన యాడ?" మా ఆయన మునిచంద్ర అద్దం ముందు నిలబడి అరిచాడు.

"మామ జోబులో ఉండాది."

"ఇంట్లో మనిషికొక దువ్వెన కొనేదానికి కూడా గతి లేదా?"

"పోయిన నెలే కొంటిని. అది కూడా ఆయన జోబులోనే ఉండాది. మీరు చేత్తో సర్దుకోండి, చాల్తుంది."

మా ఆయన తలమీద మిగిలింది చేత్తో సర్దుకోగలిగినంతే. ఆ మాట అన్నందుకు ఆయన టిఫిన్ ముట్టనన్నాడు. తర్వాత వంటింట్లో నిలబడి నాలుగు ఇడ్లీలు తిన్నాడు. నిలబడి తింటే తిన్నట్టు కాదు ఆయన లెక్కలో.

మామ మునివెంకటప్ప మాత్రం వరండాలో కూర్చుని నింపాదిగా దువ్వుకుంటున్నాడు. ఒత్తయిన తెల్ల జుట్టు, వెనక్కి దువ్వితే మెడ దాకా వచ్చేది. కొనలు మెలితిప్పిన మీసం. బంగారుపాళ్యంలో మామిడి మండీ నడిపిన రోజుల నుంచీ ఆ అలంకారం పూర్తయ్యాకే గడప దాటేవాడు. మండీ అమ్మేసి చాలాకాలమైంది, ఆ సంగతి ఆయనకు గుర్తు లేదు. కొడుకు పేరు కూడా కొన్ని రోజులు గుర్తుండదు. డాక్టరు డిమెన్షియా అన్నాడు. నడక మాత్రం మాన్పించవద్దన్నాడు. తోడు వెళదామంటే మామ ఒప్పుకోడు. "నేనేమన్నా దొంగనా, ఎనకాలే వస్తా ఉండారు?" అని కర్ర ఎత్తుతాడు.

అందుకని నేనొక ఏర్పాటు చేశాను. ఆయన చొక్కాలన్నిటికీ కాలరు లోపల నా ఫోన్ నంబరు దారంతో కుట్టాను. తిరుపతిలో మా వీధి మలుపులో టీ కొట్టు నడిపే ఏబెల్‌కూ, రైలు గేటు దగ్గర జామకాయలమ్మే పోలేరమ్మకూ నంబరిచ్చి చెప్పి పెట్టాను. తెల్ల జుట్టు, మెలితిప్పిన మీసం దారి తప్పుతున్నట్టు కనిపిస్తే "మండీకి లోడు వచ్చిండాది, ఇంటికి రాండి" అంటే చాలు. ఆ మాట చెవిన పడితే మామ గబగబా వెనక్కి తిరిగేవాడు. ఆయనకు మిగిలిన ఒకే సుఖం ఆ నడక. అది సాగుతోంది.

ఆ ఏర్పాటు మా వదిన జ్ఞానాంబకు నచ్చలేదు. ఆమె మా ఆయనకు అక్క. చిత్తూరులో ఉంటుంది, తండ్రిని ఫోన్లో ప్రేమిస్తుంది. నాయనకు మతి తిరిగొస్తే తలనీలాలు ఇస్తానని మొక్కుకుంది. నాయన తలనీలాలు, తనవి కావు. మతి తిరిగి రాలేదు. మొక్కు ముందే తీర్చేస్తే దేవుడు మొహమాటానికైనా తెప్పిస్తాడని ఆమెకు ఎవరో చెప్పారట. ఆ శనివారమే బస్సు దిగింది.

"ఆ జుట్టును బట్టే గదా వదినా ఆయన్ని జనం గుర్తుపట్టేది" అన్నాను.

"టీ కొట్టోళ్ళు గుర్తుపట్టేదానికి మా నాయన జుట్టు పెంచుకోవల్లనా?"

"దేవుని పనికి అడ్డం మాట్లాడొద్దు" అన్నాడు మా ఆయన. దువ్వెన కక్ష ఇంకా తీరలేదు.

అక్కాతమ్ముళ్ళు మామను కొండకు తీసుకువెళ్ళి సాయంత్రానికి తీసుకొచ్చారు. నున్నటి తలకు గంధం పూసి ఉంది. మీసం కూడా లేదు. గేటు దగ్గర ఎవరో అనుకుని నేనే ఒక్క క్షణం ఆగాను. వదిన ఆ గుండు పక్కన తన పెద్ద జడ ముందుకు వేసుకుని ఫోటో తీసి బంధువులందరికీ పంపింది. నీ జన్మ ధన్యం అని అందరూ ఆమెకే జవాబులిచ్చారు.

మరునాడు ఉదయం నేను స్నానం చేసి వచ్చేలోపు వదిన తండ్రికి కొత్త పంచె కట్టి, ఉత్తరీయం కప్పి, "మొక్కు తీరినాది, ఇంక భయం లేదు, పోయిరా నాయనా" అని గేటు తీసింది. ఒంటిమీద చొక్కా లేదు. చొక్కా లేదు కాబట్టి నంబరూ లేదు.

ఎండ ముదిరినా మామ రాలేదు. ఏబెల్ దగ్గరికి పరుగెత్తాను.

"మీ మామ ఈ పొద్దు ఇట్ల రాలేదే అక్కా. ఎవరో గుండాయన వచ్చి బండ్లు యాడ నిలబడతాయని అడిగినాడు. యాత్రికుడనుకోని బస్టాండుకు దారి సూపిస్తి." చెబుతూనే టీ గిన్నె దించేశాడు. "అయ్యో, ఆయనేనా?"

బస్టాండు నుంచి బెంగుళూరుకూ మద్రాసుకూ బస్సులు పోతూనే ఉంటాయి. దేంట్లో ఎక్కినా, ఎవరన్నా దింపి ఊరి పేరు అడిగితే మామ చెప్పలేడు. పోలీస్ స్టేషన్‌కు వెళ్ళాం.

"గుర్తులు చెప్పప్పా" అన్నాడు హెడ్డు కానిస్టేబులు.

"గుండు" అన్నాడు మా ఆయన. "గంధం పూసిండాది. తెల్ల పంచె."

హెడ్డు పెన్ను కింద పెట్టాడు. "తిరుపతిలో గుండు ఒక గుర్తా అబ్బా? ఆ కిటికీలోంచి సూడు, మీ నాయనలు ఎంతమంది పోతా ఉండారో."

వదిన ఏడుస్తూ ఫోటో చూపించింది. అందులో ముప్పాతిక భాగం ఆమే.

"ఈయమ్మ తప్పిపోయుంటే సులువుగా పట్టిద్దుము" అని హెడ్డు జీపుకు కబురు పెట్టాడు.

నేను బస్టాండుకు వెళ్ళాను. వెనక నుంచి అందరూ మామే. గబగబా ముందుకు వెళ్ళి ఒక్కొక్క గుండు మొహం చూశాను. ఒకాయన తమిళంలో తిట్టాడు. అంతలో పోలేరమ్మ ఫోన్ చేసింది. ఆదివారాలు ఆమె జామకాయల బండి బస్టాండులోనే, అవతలి గేటు దగ్గర పెడుతుంది.

"తొందరగా రామ్మా. ఈడ బెంగుళూరు బస్సు అద్దంలో సూసుకుంటా ఒకాయన ఉత్త గుండును దువ్వుకుంటా ఉండాడు. అందరితో పాటు నేనూ నవ్వితి. మళ్ళ ఆ దువ్వే తీరు సూస్తే మీ మామ! పొద్దున్నే నా బండి ముందరే పోయినాడు, నేనే కనిపెట్టలేదు. లోడు వచ్చిండాదని చెప్పి కూసోబెట్టినా."

నేను వెళ్ళేసరికి ఆ బస్సు కదిలిపోతోంది. మామ బండి గొడుగు కింద కూర్చుని ఉన్నాడు. మొలలో దోపుకొచ్చిన దువ్వెన చేతిలో ఉంది.

"ఈ దువ్వెన బాగలేదమ్మా" అన్నాడు నన్ను చూసి. "తగలడమే లేదు."

ఆ సాయంత్రం అందరూ భోజనానికి కూర్చున్నారు. సంగటి ముద్దలు వడ్డిస్తుంటే మా ఆయన కొత్త తాళం ఒకటి తెచ్చి పళ్ళెం పక్కన పెట్టుకున్నాడు.

"రేపట్నుంచి గేటుకు ఇది" అన్నాడు.

"మొక్కు మహిమే నాయన్ని కాపాడినాది" అంది వదిన. "ఇంక బయటికి పంపేది లేదు."

మామ ముద్ద కలుపుతూ ఆగాడు. "పొద్దున్నే మండీకి పోవల్ల గదా" అన్నాడు ఎవరితోనో.

నేను గిన్నె కింద పెట్టి తాళం తీసుకున్నాను.

"రేపు మామ నడుస్తాడు. చొక్కా ఏసుకోని నడుస్తాడు. జుట్టూ మీసం పెరిగేదాకా ఆయన్ని ఎవరూ గుర్తుపట్టలేరు కాబట్టి, పొద్దున పూట ఎనకాల మీరు పోతారు. దూరంగా, ఆయన కంట పడకుండా. సాయంత్రం పూట వదిన పోతుంది."

మా ఆయన అక్క వైపు చూశాడు.

"నేను రేపు చిత్తూరుకు పోవల్ల" అంది వదిన.

"పోండి వదినా, ఎవరొద్దన్నారు?" అంటూ ఆమె ముద్ద మీద ఇంకొంచెం నెయ్యి వేశాను. "ఆయన జుట్టు పెరిగినాక పోండి."