బాలయేసు పరుపు

దాచుకున్న విత్తనాలను నేనే తిన్నాను. తినడమే కాదు, రెండోసారి అడిగి పెట్టించుకుని, "బాగుండాదే అమ్మీ" అని కోడల్ని మెచ్చుకున్నాను కూడా.

మాది కంబదూరు పక్క పల్లె. క్రిస్మస్ అంటే అందరిళ్లలో కేకు, కొత్త బట్టలు. మా ఇంట్లో వాటికంటే ముందు నల్లకొర్ర. పండుగకు నాలుగు వారాల ముందు ఆగమన కాలం మొదలవగానే వెడల్పాటి మట్టి మూకుళ్లలో చెరువు మట్టి పోసి కొర్రలు చల్లుతాం. పండుగనాటికి బెత్తెడు ఎత్తు లేస్తాయి. ఆ మూకుళ్లను బొమ్మల పశువుల పాక చుట్టూ పేర్చామంటే, బాలయేసు మా చేలోనే పుట్టినట్టుంటుంది. ఏ దేవుడికి మొక్కేవాళ్లయినా ఊళ్లోవాళ్లంతా వచ్చి ఆ పచ్చదనం చూసిపోతారు. పండుగయ్యాక ఆ నారును స్నానాల జాలాడి నీళ్లు పారేచోట నాటుకుంటాం.

ఆ విత్తనం మా అత్త నుంచి నాకు వచ్చింది. అంగట్లో దొరికేది కాదు. కడుపు మాడినా సరే, పండుగ విత్తనం మాత్రం ముట్టకూడదని ఆమె పెట్టిన కట్టుబాటు. ఎన్ని కరువులొచ్చినా అది మిగిలిందంటే అందుకే. ఈ ఏడు వాన మొహం చాటేసింది. వేసిన కొర్ర చేలోనే మాడిపోయింది. ఇంక మిగిలింది అటక మీద కుండలో ఉన్నదే.

నా కోడలు ప్రసూన గుంతకల్లు పిల్ల, రైల్వే క్వార్టర్సులో పెరిగింది. పెళ్లయి ఏడాది నిండలేదు, ఈ ఇంట్లో ఆమెకిదే తొలి క్రిస్మస్. నాకు షుగరుందని డాక్టరు చెప్పినప్పటి నుంచి ఫోనులో సిరిధాన్యాల వీడియోలు చూసి నా ప్రాణం తోడేస్తోంది.

ఆగమన కాలం మొదటి ఆదివారం మూకుళ్లు కడిగి ఆరబెట్టి, అటక మీది కుండ దించాను. ఉత్త కుండ చేతిలోకి వచ్చింది.

"ప్రసూనా, దీంట్లో కొర్రలు యాడ?"

"మొన్న నువ్వు తిన్న అన్నం అవే గదత్తా. ఊరికే పురుగు పడతాయని అన్నీ మిషన్లో ఆడిచ్చుకోనొచ్చినా. ఇంకా డబ్బాలో ఉండాయి, రేపు పాయసం చేస్తా."

డబ్బా మూత తీశాను. పసుపుపచ్చగా మెరుస్తున్న కొర్రబియ్యం. పొట్టు పోయిన గింజ మొలుస్తుందా?

నా నోరు మంచిది కాదు, ఊరందరికీ తెలుసు. "మా అత్త ఆకులు తిని కాపాడిన ఇత్తనాన్ని ఒగ పూట బువ్వ చేస్తివి గదే!" అని వీధంతా వినేలా అరిచాను. అందులో ఎక్కువ తిన్నది నేనే కాబట్టి కోపం ఇంకా పెరిగింది. నా కొడుకు రాజేంద్ర, "పోనీ మా, అనంతపురంలో కొర్రలు తెస్తాలే" అని సర్ది చెప్పబోయి వాడూ తిట్లు తిన్నాడు. ప్రసూన ఆ రాత్రి అన్నం తినలేదు.

తెల్లారేసరికి పక్క చేను బయ్యన్న గడపలో నిలబడ్డాడు. ప్రతి ఏడూ మా మొలక చూడటానికి మొదట వచ్చేది అతనే.

"ఏమక్కా, ఈతూరి మీ ఏసుసామి చేను గూడా మా శెనక్కాయ చేను మాదిరి బీడేనంట గదా? ప్లాస్టిక్ గడ్డి దొరుకుతాది, తెప్పిచ్చేదా?"

"అది నీ ఎద్దులకు ఏసుకో పో!" అన్నానే గాని, అతను నవ్వుకుంటూ వెళ్లాక నాకు ఏడుపొచ్చింది. మా అత్త చేతి విత్తనం నా చేతిలో పోయింది. చచ్చి ఆమెకు ఏ మొహం చూపించను?

మధ్యాహ్నం ప్రసూన పాకలో పెట్టే బొమ్మలు తుడవడానికి ట్రంకుపెట్టె తెరిచింది. మరియమ్మ, జోజప్ప, చెవి విరిగిన గొర్రె, బాలయేసు. బాలయేసు కింద ఒక పరుపు ఉంటుంది. కోతలప్పుడు గుప్పెడు కొర్రదంట్లను కంకులతో సహా కోసి, మెత్తగా కట్టి చేస్తాం. ఏటా కొత్తది చేసి పాతది ఆవుకు వేస్తాం. ఈసారి కోతే లేదు కాబట్టి పోయినేటి పరుపు అలాగే ఉంది.

ప్రసూన దాన్ని రెండు చేతుల్లో పట్టుకుని వచ్చింది. "అత్తా, దీనికి కంకులుండాయి."

ఆమె ఏమంటోందో నాకు అర్థమైంది. అయినా నోరు ఊరుకోదు కదా. "పెట్టు ఆడ! సామి పరుపు నలిపేదానికి నీకు చేతులెట్లొస్తాయే?"

ఆ పిల్ల మొదటిసారి నాకు ఎదురు చెప్పింది. "ఆ సామి పుట్టిందే పశువుల తొట్లో గదత్తా. పరుపు లేకుంటే ఆయనకేమీ కాదు. ఇత్తనం లేకుంటే మన గతేంది?"

ఒక కంకి తుంచి అరచేతిలో నలిపి ఊదాను. నల్లటి గింజలు నిగనిగలాడుతూ మిగిలాయి. మా అత్త కనబడినంత సంబరమైంది నాకు. ఇద్దరం చాపమీద కూర్చుని కంకులన్నీ నలిపాం. రెండు పిడికిళ్లు కూడా రాలేదు. సగం దాచి, సగం మూకుళ్లలో చల్లి తడి గోనెసంచి కప్పాం.

రోజూ పొద్దున్నే సంచి ఎత్తి చూడటం, మళ్లీ కప్పడం. ఉత్త మట్టే. ఇవి మొలవకపోతే దాచిన సగమూ చచ్చినట్టే. ఆ రోజుల్లో కోడల్ని తిట్టడానికి కూడా నాకు భయమేసింది.

ఆరోనాడు ఓళిగలకు పూర్ణం రుబ్బుతున్న పూట పెరట్లోంచి కేక వినబడింది. "అత్తా! మొలిసినాయత్తా!" నేను పోయేలోపే ప్రసూన పూర్ణం అంటిన చేతులతో వీధిలోకి ఉరికి ఇల్లిల్లూ చెప్పేస్తోంది.

క్రిస్మస్ పొద్దున మా పల్లెకు పూజ చెయ్యడానికి ఫాదర్ వస్తారు. ఆయన వచ్చేలోపే బాలయేసును పాకలో పెట్టాలి. ఇంటికి పెద్ద ఆడమనిషి పెట్టడం మా ఆనవాయితీ. పచ్చటి మూకుళ్ల చుట్టూ జనం మూగారు. బయ్యన్న వంగి ఆకు పట్టుకుని చూశాడు.

"ప్లాస్టిక్ గాదు, బాగా పిసికి చూడు" అన్నాను.

అతను నవ్వలేదు. "అక్కా, వానొచ్చేతలికి నాకు గూడా పిడికెడు ఇత్తనం ఇయ్యల్ల."

"నన్నేమడుగుతావ్? మా కోడల్నడుగు."

బాలయేసు బొమ్మ నా చేతిలో ఉంది. కింద పరవడానికి పరుపు లేదు. అందరూ నావైపే చూస్తున్నారు. నేను బొమ్మను ప్రసూన చేతిలో పెట్టాను.

"నేనా? పెద్దోళ్లు పెట్టల్ల గదత్తా!"

"ఇత్తనం నిలబెట్టిందే ఈ ఇంటికి పెద్దది. పెట్టమ్మీ."

ప్రసూన నడిమి మూకుడులో, మొలకల మీద ఆయన్ను పడుకోబెట్టింది. మా ఇంట్లో ఏటా ఎండుగడ్డి మీద పుట్టే బాలయేసు, వాన లేని ఈ ఏడు పచ్చటి చేలో పుట్టాడు. ఫాదర్ జీపు ఊళ్లోకి రాకముందే నేను గొంతెత్తి పాట మొదలుపెట్టాను.